సర్వమత శాంతి సంఘాన్ని కట్టుకోవడం, నడుపుకోవడం ఎలా

ఊళ్లో గొడవ రాజుకున్నాక శాంతి సంఘం పెడదామనుకోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. అప్పటికి ఎవరి మాటా ఎవరూ వినరు. పిలిచినవాడు ఏ మతం వాడన్నదే ముందు చూస్తారు. ఊరు ప్రశాంతంగా ఉన్నప్పుడు, పంతులు గారూ పాస్టరు గారూ ఒకే కొట్టులో ఉప్పూ పప్పూ కొనుక్కుంటూ పలకరించుకుంటున్నప్పుడే ఈ పని మొదలుపెట్టండి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఒక వార్డులోనో మండల కేంద్రంలోనో ఇలాంటి సంఘం పెట్టాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను.

మన వైపు ఇలాంటివి అవసరమా అని మొదటి రోజే ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. విజయనగరం బాబామెట్టలోని ఖాదర్ వలీ బాబా దర్గాకు అన్ని మతాల వాళ్లూ వెళ్తారు. రామతీర్థం కొండల మీద రాముడి కోవెలతో పాటు బౌద్ధుల ఆరామ శిథిలాలు, జైన విగ్రహాలు కూడా ఉన్నాయి. అయితే అదే రామతీర్థంలో 2020 డిసెంబరు చివర బోడికొండ మీది కోదండరాముడి విగ్రహాన్ని ఎవరో ధ్వంసం చేశారు. కొద్ది రోజుల్లోనే కొండ కింద రాజకీయ పార్టీల వాళ్లు పోటాపోటీగా గుమిగూడారు. ఊరివాళ్ల బాధ ఒక పక్కన ఉండిపోయింది, బయటివాళ్ల వాదన ముందుకొచ్చింది. కలిసి బతికే అలవాటు ఉంటే చాలదు. ఆ అలవాటును కష్టకాలంలో నిలబెట్టే ఏర్పాటు కూడా ఉండాలి.

ముందు ఏడుగురు దొరికితే చాలు

సభ పెట్టి, బ్యానరు కట్టి, మతపెద్దలందరినీ వేదిక మీద కూర్చోబెట్టి మొదలుపెట్టకండి. ఫొటోలు బాగా వస్తాయి, మర్నాటికి ఏమీ మిగలదు. ఏడుగురితో మొదలుపెట్టండి. మతాల మధ్య స్నేహం కోసం 2000 జూన్‌లో చార్టర్ రాసుకుని ఏర్పడిన యునైటెడ్ రిలీజియన్స్ ఇనిషియేటివ్ అనే అంతర్జాతీయ సంస్థ కూడా తన స్థానిక బృందాలకు ఇదే కొలత పెట్టింది: కనీసం ఏడుగురు సభ్యులు, కనీసం మూడు మత సంప్రదాయాల నుంచి. మన రాష్ట్రంలో సొసైటీ రిజిస్టరు చేయడానికి కావలసిన కనీస సంఖ్య కూడా ఏడే.

ఈ ఏడుగురిలో అర్చకులు, ఇమాం గారు, ఫాదర్ గారు తప్పనిసరిగా ఉండాలనేమీ లేదు. వాళ్ల ఆశీస్సులు కావాలి, సలహా కావాలి. కానీ వాళ్లకు పైన ఒక కమిటీయో దేవస్థానమో డయాసిసో (బిషప్ గారి పరిధిలోని చర్చిల వ్యవస్థ) ఉంటుంది. ప్రతి మాటకూ అక్కడ జవాబు చెప్పుకోవాలి. వీధిలో పది మందికి తెలిసినవాళ్లు, అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వచ్చేవాళ్లు మీకు ముఖ్యం. రిటైరైన బడి పంతులు, ఆరోగ్య కార్యకర్త, మసీదు పక్కన సైకిలు షాపు నడిపే భాయ్, పొదుపు సంఘం లీడరు, వినాయకుడి పందిరి వేసే కుర్రాళ్లలో నలుగురూ మాట వినే కుర్రాడు, ఇలాంటివాళ్లను వెతకండి. ఏడుగురిలో ముగ్గురికి తక్కువ కాకుండా ఆడవాళ్లు ఉండేలా చూడండి. వీధి కొళాయి దగ్గర, పొదుపు సంఘం సమావేశంలో పుట్టిన పుకారు మగవాళ్ల చెవిన పడేసరికి అది సగం ఊరు తిరిగి ఉంటుంది.

ఒక్కొక్కరి దగ్గరికీ మీరే నడిచి వెళ్లండి. ఫోనులో అడిగితే మొహమాటానికి సరేనంటారు. ఇంటికి వెళ్లి, కూర్చుని, ఇచ్చిన టీ తాగి, ‘మీకు ఇబ్బంది కలిగే విషయం ఊళ్లో ఏదైనా ఉందా’ అని అడగండి. చాలాసేపు ఏమీ లేదంటారు. లేచేముందు చెబుతారు. ఆ చెప్పినదే మీ మొదటి సమావేశానికి ఎజెండా.

గిరిజన గ్రామాలు దగ్గర్లో ఉంటే సవరలను, జాతాపులను మరచిపోవద్దు. వాళ్ల కొండ దేవతల ఆరాధనను ఏదో ఒక పెద్ద మతం కింద రాసేసుకోవడం అందరికీ అలవాటైంది. వాళ్ల సంప్రదాయాన్ని వాళ్లు చెప్పిన పేరుతోనే నమోదు చేయండి. మతం లేదనేవారు చేరతామంటే వారికీ చోటు ఉండాలి.

ఎక్కడ, ఎప్పుడు కూర్చోవాలి

గుడి మండపం, చర్చి హాలు, మసీదు వరండా మూడూ మంచి స్థలాలే. మొదటి మూడు నాలుగు నెలలు మాత్రం వాటి జోలికి వెళ్లకండి. శాఖా గ్రంథాలయమో, బడి గదో, ఎవరికీ సొంతం కానిచోటు చూసుకోండి. నమ్మకం కుదిరాక ఒక్కో నెల ఒక్కో ప్రార్థనా స్థలంలో కలవండి. ఆతిథ్యమిచ్చేవాళ్లు తమ స్థలం గురించి పది నిమిషాలు చెప్పాలి. వచ్చినవాళ్లు ఆ స్థలం మర్యాద పాటించాలి. చెప్పులు ఎక్కడ విడవాలి, తల మీద గుడ్డ కప్పుకోవాలా, లోపలికి ఎంతవరకు వెళ్లవచ్చు అన్నవి ముందే అడిగి తెలుసుకోండి.

వేళ విషయంలో పట్టింపు ఉండాలి. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం, రంజాన్ నెలలో సాయంత్రాలు, కార్తీక సోమవారాలు వదిలేయండి. రెండో శనివారం ఉదయం బడులకూ బ్యాంకులకూ సెలవు కాబట్టి ఉద్యోగులకు బాగుంటుంది. కానీ కూలికి వెళ్లేవారికి, మిల్లులో షిఫ్టు చేసేవారికి అది పని వేళ. వాళ్లు రాని సమావేశం వాళ్లను వదిలేసిన సమావేశమే. అందరినీ అడిగి ఒక వేళ ఖాయం చేసుకుని, ఇక దాన్ని మార్చకండి. తినడానికి శాకాహారమే పెట్టండి; ఉపవాసం ఉన్నవారిని బలవంతం చేయకండి.

తలలు లెక్కపెడితే సంఘం నిలవదు

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంటుందంటే, ఇది గుర్తుంచుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ ముస్లింలు నూటికి ఒక్కరికన్నా తక్కువ. మామూలు సంఘాల్లో లాగా చేతులెత్తించి నిర్ణయాలు చేస్తే చిన్న సముదాయం ప్రతిసారీ ఓడిపోతుంది. నాలుగుసార్లు ఓడిపోయినవాళ్లు ఐదోసారి రారు. వాళ్లు రావడం మానేసినా సమావేశాలు జరుగుతూనే ఉంటాయి, తీర్మానాలు ఏకగ్రీవంగానే ఉంటాయి. పనికిరాని ఏకగ్రీవం అది.

కాబట్టి బరువు తలకు కాకుండా సంప్రదాయానికి ఇవ్వండి. ఇందుకు మూడు నియమాలు చాలు.

కోరం: హాజరు ఎంతమంది ఉన్నా, కనీసం మూడు సంప్రదాయాల వారు గదిలో లేకపోతే నిర్ణయం చేయకూడదు. మాట్లాడుకోవచ్చు, టీ తాగవచ్చు, తీర్మానం మాత్రం వద్దు.

నిర్ణయం: ముందు అందరి ఒప్పుదలకు ప్రయత్నించండి. రెండు సమావేశాల్లోనూ కుదరకపోతే మూడింట రెండు వంతుల మద్దతు ఉండాలి, ఆ మద్దతులో ప్రతి సంప్రదాయం నుంచీ కనీసం ఒకరు ఉండాలి. ఒక సంప్రదాయం వారంతా వద్దంటే ఆ పని సంఘం పేరుతో జరగదు. దీనివల్ల పనులు ఆలస్యమవుతాయని కొందరు విసుక్కుంటారు. అవుతాయి. నా ఉద్దేశంలో శాంతి సంఘానికి వేగం కన్నా నమ్మకం ముఖ్యం. అత్యవసరంలో ఏం చేయాలో ముందే ఒప్పుకుని రాసిపెట్టుకుంటే, ఆ రోజు ఓటింగు అవసరమే రాదు.

బాధ్యత: అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి అనే పెద్ద పదవులు పెట్టుకుంటే వాటి కోసమే పోటీ మొదలవుతుంది. ఇద్దరు కన్వీనర్లు చాలు, వేర్వేరు మతాల వారు, వీలైతే ఒక స్త్రీ, ఒక పురుషుడు. కాలపరిమితి ఏడాది. వరుసగా రెండేళ్లకు మించి ఎవరూ ఉండకూడదు. ఏ పార్టీలోనైనా పదవిలో ఉన్నవారు, ఎన్నికల్లో నిలబడాలనుకునేవారు కన్వీనర్లు కాకూడదని స్పష్టంగా రాయండి. ఎంత మంచి మనిషైనా సరే, ఈ నియమంలో మినహాయింపు వద్దు.

ఒక పేజీ ఒప్పందం, ఒక మినిట్స్ పుస్తకం

సంఘం ఏం చేస్తుందో ఒక పేజీలో రాయండి. ఏం చేయదో కూడా అదే పేజీలో రాయండి. నిజానికి రెండోదే ఎక్కువసార్లు పనికొస్తుంది. సంఘం సమావేశాల్లో మతప్రచారం చేయము. ఎవరి దేవుడు గొప్ప అన్న చర్చ పెట్టము. ఏ పార్టీ వేదికా ఎక్కము. యుక్తవయసు వచ్చిన ఇద్దరి పెళ్లి విషయంలో తలదూర్చము. వేరు మతాల వారు పెళ్లి చేసుకోవడానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, అది వాళ్ల హక్కు. దాడి, అత్యాచారం, కులం పేరుతో అవమానం లాంటి నేరాల్లో రాజీ కుదర్చము. బాధితుల వెంట పోలీసు స్టేషనుకు తోడు వెళ్తాము. ఈ చివరి మాట దగ్గర గట్టిగా నిలబడండి. శాంతి పేరుతో నోరు నొక్కిన సంఘాన్ని ఆ వీధి మళ్లీ నమ్మదు.

సమావేశంలో ఏం తేలిందో రాసుకునే మినిట్స్ పుస్తకం గట్టి అట్ట ఉన్నది, పేజీలకు నంబర్లు వేసినది కొనండి. ఎలా రాయాలో ఒక నమూనా ఇస్తున్నాను:

‘హాజరు 11. హిందువులు 5, క్రైస్తవులు 3, ముస్లింలు 2, జైనులు 1. కోరం ఉంది. విషయం: వినాయక నిమజ్జనం ఊరేగింపు మసీదు వీధి దాటే వేళ. నిర్ణయం: మగ్రిబ్ (సూర్యాస్తమయ) నమాజు జరుగుతుంటే వీధి మొదట్లోనే ఆగి, నమాజు అయ్యాక కదలడానికి ఉత్సవ కమిటీ ఒప్పుకుంది. వీధి చివర మజ్జిగ ఇవ్వడానికి మసీదు కమిటీ ఒప్పుకుంది. చూసుకునేవారు: ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు. అసమ్మతి: డీజే అసలే వద్దని ఒక సభ్యురాలు అన్నారు, నమోదు చేశాం.’

ఇంతే. ఎవరు ఎంత గట్టిగా అరిచారో రాయనక్కర్లేదు. ఎవరు ఏ పని ఒప్పుకున్నారో, ఎవరు ఒప్పుకోలేదో మాత్రం తప్పక రాయాలి. సమావేశం ముగిసేలోపే పైకి చదివి వినిపించి, ప్రతి సంప్రదాయం నుంచీ ఒకరి సంతకం తీసుకోండి. చదవడం రానివారుంటే వాళ్లకు మరోసారి నెమ్మదిగా చదివి చెప్పండి.

పండుగల క్యాలెండరు

ఉగాది కాగానే ఏడాది పొడవునా వచ్చే పండుగలన్నీ ఒకే కాగితం మీద రాసుకోండి. ముస్లింలు పాటించే హిజ్రీ సంవత్సరం ఇంగ్లీషు క్యాలెండరు కన్నా పది పదకొండు రోజులు చిన్నది కాబట్టి ముస్లింల పండుగలు ఏటా ముందుకు జరుగుతుంటాయి, కొన్నేళ్లకు ఏదో ఒక పెద్ద పండుగతో కలుస్తాయి. 2023 సెప్టెంబరు 28న వినాయక నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ (ప్రవక్త పుట్టినరోజు) ఒకే రోజు వచ్చాయి. హైదరాబాదులో మిలాద్ ఊరేగింపును నిర్వాహకులే కొద్ది రోజులు వాయిదా వేసుకున్నారు. అలాంటి మాట ఆఖరి వారంలో అడిగితే ఒత్తిడి చేసినట్లు ఉంటుంది. మూడు నెలల ముందు అడిగితే మర్యాదగా ఉంటుంది. ఇవాళ ఒకరు వెనక్కి తగ్గితే, అది కూడా పుస్తకంలో రాసుకుని మరోసారి రెండోవారు తగ్గేలా చూడండి. ఎప్పుడూ చిన్నవాళ్లే సర్దుకోవాలంటే దాన్ని సామరస్యం అనకూడదు.

మైకుల సంగతి చట్టమే తేల్చి ఉంచింది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా మైకులు వాడకూడదు. ఏడాదిలో కొన్ని పండుగ రోజులకు మాత్రం అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. గుడికీ చర్చికీ మసీదుకూ ఇదే నియమం. మూడు చోట్లకూ ఒకే రోజు వెళ్లి ఒకే కాగితం ఇవ్వండి. ఒక్క చోటికే వెళ్తే మిమ్మల్ని ఒక పక్షం వాళ్ల కింద కట్టేస్తారు.

విజయనగరంలో ఉంటే సిరిమానోత్సవం మీకు పెద్ద అవకాశం. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) తిరిగేటప్పుడు మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా జనం కిక్కిరిసి ఉంటారు. తప్పిపోయిన పిల్లలు, దాహం, సొమ్మసిల్లిన ముసలివాళ్లు, ఆ రోజు చేయడానికి సేవ ఎంతైనా ఉంటుంది. ముందుగా పోలీసులతో, దేవస్థానం వారితో మాట్లాడి ఒక చలివేంద్రం పెట్టండి. అన్ని మతాల కుర్రాళ్లూ ఒకే బల్ల దగ్గర నీళ్లు అందిస్తుంటే సామరస్యం గురించి మీరు ఉపన్యాసం చెప్పనక్కర్లేదు. అలాగే దర్గా ఉరుసుకూ, క్రిస్మస్‌కూ చేయండి.

పుకారు వచ్చిన గంటలో

ఒక ఉదాహరణ తీసుకుందాం. పొద్దున్నే ఫోనులో ఒక ఫొటో వస్తుంది. ప్రార్థనా మందిరం గోడ మీది సిలువ విరిగి ఉంది. కింద ‘ఎవరి పనో మీకే తెలుసు’ అని రాసి ఉంది.

ఆ ఫొటోను ఎవరికీ పంపకండి. అబద్ధమని చెప్పడానికి కూడా పంపకండి. మీ మాట చదవకుండా ఫొటో చూసేవాళ్లే ఎక్కువ. మొదటి ఫోను పాస్టరు గారికి. ‘పాస్టరు గారూ, విషయం విన్నాం, బాధగా ఉంది. మేమిద్దరం వస్తున్నాం, మీరు అక్కడే ఉండండి’ అనండి. వెళ్లే ఇద్దరూ వేర్వేరు మతాల వారు కావాలి. ఈ జంటలను, వాళ్ల ఫోన్ నంబర్లను ముందే ఖాయం చేసి ఉంచుకోండి. వెళ్లి చూడండి, దేన్నీ ముట్టుకోకండి. గాలివానకు విరిగిందో, లారీ తగిలిందో, ఎవరైనా విరగ్గొట్టారో తేల్చడం మీ పని కాదు. స్టేషనుకు చెప్పండి, గుంపు చేరుతుంటే వెంటనే 112కు ఫోను చేయండి.

తర్వాత సంఘం పేరుతో మూడే వాక్యాలు పంపండి: ఎన్ని గంటలకు ఎవరు వెళ్లి చూశారు, ఏం కనిపించింది, ఎవరికి ఫిర్యాదు అందింది. కారణం రాయకండి, అనుమానం రాయకండి, విశేషణాలు వద్దు. ఆ మూడు వాక్యాలనూ యువజన సంఘాల కుర్రాళ్లకు ఫోను చేసి నోటితో కూడా చెప్పండి. మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరమని, పోస్టు పెట్టిన కుర్రాడికి విడిగా పిలిచి మెల్లగా చెప్పండి. పదిమందిలో సిగ్గుపరిస్తే మొండికేస్తాడు.

నిజంగానే ఎవరో ధ్వంసం చేశారని తేలితే, గాయపడిన సముదాయం పక్కన మిగతావాళ్లు ఆ రోజే వెళ్లి నిలబడాలి. రాముడి విగ్రహం విరిగితే ముందు మాట్లాడవలసింది మసీదు కమిటీ, చర్చి పెద్దలు. సిలువ విరిగితే ముందు వెళ్లవలసింది ఉత్సవ కమిటీ వారు. ‘రెండు పక్షాలూ సంయమనం పాటించాలి’ అన్న ప్రకటన ఆ రోజు వద్దు. దెబ్బ తిన్నది ఒకరే అయినప్పుడు ఆ మాట వాళ్లను మరింత బాధపెడుతుంది. దుఃఖం పంచుకోండి, దర్యాప్తు కోరండి, దోషి ఎవరన్నది పోలీసులకూ కోర్టుకూ వదిలేయండి.

పోలీసులతో ఎంత దూరం

పండుగల ముందు స్టేషన్లలో ఎస్.ఐ. గారు శాంతి కమిటీ సమావేశం పిలుస్తారు. వెళ్లండి, సహకరించండి. కానీ అది పోలీసులు పిలిచేది, పండుగతో ముగిసేది. మీ సంఘం ఊరివాళ్లది, ఏడాదంతా ఉండేది. ఈ తేడా మీ సభ్యులకూ స్టేషనుకూ తెలిసి ఉండాలి. ప్రమాదం ఉందనిపిస్తే చెప్పడం పౌరధర్మం. ఎవరింటికి ఎవరొచ్చారన్న సమాచారం చేరవేయడం మాత్రం మీ పని కాదు. అలా చేస్తారన్న అనుమానం ఒక్కసారి వస్తే మీ గదిలో ఎవరూ నోరు విప్పరు.

డబ్బు, రిజిస్ట్రేషను

మొదటి ఏడాది రిజిస్ట్రేషను అవసరం లేదు. టీ ఖర్చులు, మినిట్స్ పుస్తకం, చలివేంద్రం, వీటికి సభ్యుల నెల చందా చాలు. ఇచ్చింది పది రూపాయలైనా రసీదు రాయండి. అభ్యర్థుల నుంచి, కాంట్రాక్టర్ల నుంచి విరాళం తీసుకోకండి. విదేశీ విరాళాలకు 2010 నాటి చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. మీలాంటి చిన్న సంఘం ఆ దారిలో వెళ్లకపోవడమే మేలు.

ఏడాది నిలబడ్డాక, సంఘం పేరుతో బ్యాంకు ఖాతా కావాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించుకోండి. పద్దెనిమిదేళ్లు నిండిన ఏడుగురు సంతకం చేసిన మెమొరాండం (సంఘం పేరు, ఉద్దేశాలు రాసిన పత్రం), బైలాలు (సంఘం నడిచే నియమాలు) జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో ఇవ్వాలి. బజారులో దొరికే నమూనా బైలాలను అలాగే అతికించకండి. వాటిలో సగం మంది హాజరైతే కోరం, మెజారిటీతో తీర్మానం అని ఉంటుంది. మీరు కష్టపడి కుదుర్చుకున్న మూడు సంప్రదాయాల నియమం ఒక్క సంతకంతో ఎగిరిపోతుంది. ఆ రెండు చోట్లా మీ మాటలే రాయించండి. ఖాతాకు వేర్వేరు మతాల వారి జంట సంతకాలు పెట్టండి. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు ఇవ్వాలి.

లోపల తగాదా వస్తే ఏం చేయాలో కూడా బైలాల్లోనే ఉండాలి. సభ్యుడెవరైనా మరో మతాన్ని కించపరిచే పోస్టు పెడితే, ముందు అతని సంప్రదాయానికే చెందిన ఒక పెద్ద, మరో సంప్రదాయం నుంచి ఒకరు కలిసి వెళ్లి మాట్లాడాలి. తీసేయమనాలి. తీసేస్తే అక్కడితో సరి, మినిట్సులో పేరు రాయనక్కర్లేదు. మళ్లీ చేస్తే మూడు నెలలు సమావేశాలకు దూరంగా ఉంచండి, మూడోసారి తొలగించండి. ఏ దశలోనైనా అతని వాదన వినకుండా నిర్ణయం చేయకండి. సంఘం నిర్వహణ గురించిన వివాదం మీలో మీకు తెగకపోతే సొసైటీల చట్టంలోని 23వ సెక్షన్ మధ్యవర్తిత్వానికి, జిల్లా కోర్టుకు దారి చూపిస్తుంది. కన్వీనరు దిగిపోయే రోజున మినిట్స్ పుస్తకం, పాస్‌బుక్కు, రసీదు పుస్తకాలు, ఫోన్ నంబర్ల జాబితా, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ బాధ్యత అన్నీ సమావేశంలోనే అందరి ఎదుటా కొత్తవారికి అప్పగించి, అప్పగించినట్లు అదే పుస్తకంలో రాయించి ఇద్దరి సంతకాలూ తీసుకోండి.